డాక్టరు దొంగ కాదని తేలేదాకా

మా అత్తకు కుడికన్ను ఒక్కటే మిగిలింది. ఎడమకంటికి పొర వచ్చి ముదిరి, మేము ఈ పండగ కానీ, ఆ పెండ్లి కానీ అంటూ ఉండగానే పూర్తిగా పోయింది. ఆ మిగిలిన కంటికీ పొర కమ్మింది. దానికి ఆపరేషను చేయించడానికి నేను కంప్యూటరులో ఉన్న మూడు పుస్తకాలను తప్పుడు వరుసలో పేర్చవలసి వచ్చింది. నేను చదివింది నాలుగో తరగతి. కంప్యూటరులో ఏదైనా సరిగ్గా పెట్టడమే నాకు రాదు. తప్పుగా పెట్టడం అంతకన్నా కష్టమని అప్పుడే తెలిసింది.

మాది ధర్మవరం. ఇంట్లో ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మా ఆయన కంప్యూటరు. ఆయన చీరల అంచులకు డిజైన్లు గీసి అట్టలు తయారుచేస్తాడు. అట్టలంటే చిల్లులు పొడిచిన దళసరి కాగితం ముక్కలు. వాటిని వరుసగా దారంతో దండ కుట్టి మగ్గం మీద వేలాడదీస్తే, ఒక్కో అట్ట డిజైనులో ఒక్కో వరుసను నేయిస్తుంది. అట్టల వరుస తప్పితే నెమలి మెడ మీద మామిడిపిందె మొలుస్తుంది. మా ఇంట్లో ఒకసారి మొలిచింది కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అత్త పని కండెలు చుట్టడం. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి రాట్నం తిప్పుతూ పట్టుపోగు చుట్టాలి. దానికి కన్ను అక్కరలేదు, వేలు చాలు. పోగు తెగితే వేలికి తెలుస్తుంది, ముడి పడితే వేలికి తెలుస్తుంది. కానీ వేళ్లు పనిచేస్తున్నంత సేపూ చెవులు ఖాళీగా ఉంటాయి కదా. ఆ చెవులకు ఇన్నేళ్లూ నేనే మేత వేశాను. నాకు చదువు లేదు గానీ జ్ఞాపకం ఉంది. గుడిబండలో జరిగిన మా పెదనాయన పెండ్లిలో ఎవరు ఏ వంటకానికి అలిగారో, అలిగినవాళ్లను ఎవరు ఏ మాట చెప్పి పంక్తిలో కూర్చోబెట్టారో, నేను పుట్టక ముందు సంగతులు కూడా విన్నవి విన్నట్టు చెప్పగలను. అయితే చెప్పిందే చెప్పగా ఆమెకూ నోటికి వచ్చేసింది. నేను మొదలుపెడితే ఆమె ముగించేది.

"ఇంగేమన్నా కొత్తది ఉంటే చెప్పు మే," అనేది. "ఆ గుడిబండ పెండ్లి ఇంగ వద్దు. ఆ పెండ్లికొడుక్కు మనవళ్లు పుట్టినారు."

మా చెల్లెలి మొగుడు బెంగళూరు లారీ నడుపుతాడు. దారి పొడుగునా వినే పుస్తకాలు పెట్టుకుని పోతాడు. ఎవరో చదువుతుంటే మనం వినడమే, కన్నుతో పనిలేదు. ఆయన ఒకసారి మా ఇంట్లో భోజనానికి ఆగి, కొన్ని పుస్తకాలను వేలెడు పుల్లలాంటి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు. మా ఆయన దాన్ని కంప్యూటరుకు తగిలించాడు. తెర మీద తెలుగులోనే అడిగింది, దిగుమతి చేయమంటారా అని. మా ఆయన పైకి చదివాడు.

"దిగుమతా?" అని అత్త రాట్నం ఆపింది. "చైనా సరుకయితే వద్దురా. తెగుతుంది."

"పట్టు కాదుమా, కథలు."

"కథలయితే తెగినా ముడేసుకోవచ్చు. కానీయి."

ఆ సాయంత్రం తెర మీద మూడు పుస్తకాల బొమ్మలు పక్కపక్కన కనబడడం నేను చూశాను. ఒకదాని మీద బోరు వేసే లారీ. ఒకదాని మీద అరచేతిలో వజ్రం. మూడోదాని మీద మెడలో గొట్టం వేసుకున్న డాక్టరు. అత్తకు ఇవేవీ కనబడవు. ఎన్ని పుస్తకాలని ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు. కథలు వచ్చాయి, పొద్దున విందువులే అన్నాం. మొత్తం గొడవకు మూలం ఇక్కడే ఉంది.

పొద్దున కంప్యూటరు తనంతట తాను కొత్తదనం చేసుకుంది. అప్‌డేట్ అంటారు. ఆపవద్దు అని తెర మీద రాసి, టిఫిను వేళ నుంచి భోజనాల వేళ దాకా గుండ్రాలు తిప్పింది. అయ్యాక మా ఆయన తన డిజైన్లు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఉన్నాయి. అంతటితో ఆయన చింత తీరింది. పుస్తకాల వైపు చూడలేదు. అక్కడ మూడు బొమ్మలూ మాయమై, పొడుగ్గా ఒకటే జాబితా మిగిలింది. ఆ పుస్తకాల ముక్కలన్నిటికీ భాగం ఒకటి, భాగం రెండు అనే పేర్లు ఉన్నాయి. కొత్త కంప్యూటరు పుస్తకం పేరు పక్కన పారేసి, అంకెలు మాత్రమే చూసింది. మూడు ఒకట్లను ఒక చోట, మూడు రెండ్లను ఒక చోట, మూడు మూడ్లను ఒక చోట పెట్టింది. నేను పైనున్నదాన్ని నొక్కాను. ఒకటి అయిపోతే రెండోది దానంతట అదే మొదలయ్యేది.

మొదట బోర్లాయన వచ్చాడు. ఎండిపోయిన చేనులో రెండు బోర్లు వేసి, రెండింటిలోనూ దుమ్ము తప్ప ఏమీ చూడక, మూడోదానికి కొబ్బరికాయ కొట్టాడు. అత్త రాట్నం నెమ్మదించింది. ఆ భాగం అయిపోగానే వేరే గొంతు మొదలయింది. వజ్రకరూరు పక్క పల్లెలో తొలకరి వానకు జనం తలలు దించుకుని చేలల్లో వజ్రాల కోసం వెతుకుతుంటే, ఒకామెకు చిక్కుడుగింజంత రాయి దొరికింది. దాన్ని ఒక వ్యాపారి కొన్నాడు. తెల్లారేసరికి ఆయన ఇంట్లోంచి రాయి పోయింది.

"అత్తా, ఇది వేరే పుస్తకం మాదిరి ఉండాదే," అన్నాను.

"ఎందుకు?"

"గొంతు మారింది కదా."

"మనిషి మారితే గొంతు మారదా? నువ్వూ నేనూ ఒకే గొంతుతో మాట్లాడతాండామా? గమ్మునుండు."

తర్వాత మూడో గొంతు వచ్చింది. నిదానంగా, నమ్మకంగా ఉంది. మధుమేహం ఉన్నవారు అన్నం తగ్గించాలి, రోజూ నలభై నిమిషాలు నడవాలి, పంచదార ఇంట్లో ఉంచుకోకూడదు అని చెప్పుకుపోయింది. నాకు నవ్వు వచ్చింది. అత్తకు రాలేదు.

"ఈయప్ప ఎవురు?"

"ఎవురో డాక్టరంట."

"బోర్లాయన బావమరిది అయింటాడు. ఆయప్ప చేను ఎండి ఏడుస్తాంటే, వచ్చి అన్నం తినొద్దు అంటాండాడు. ఏం మనిషి."

మూడు దినాలు ఇలాగే విన్నాం. నాలుగో దినం మనసు ఒప్పక, ఇవి మూడు వేరువేరు పుస్తకాలు కలిసిపోయినట్టున్నాయని ఆమెకు చెప్పాను. అత్త పోగు వేలికి చుట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు మొదలుపెట్టింది.

"నువ్వు మగ్గం ఇంట్లోనే ఉండావు కదా మే. చీరకు నాడెలెన్ని?"

"మూడు."

"ఆ అంచుకొకటి, ఈ అంచుకొకటి, నడుమొకటి. మూడూ మారి మారి పోతాండాయి. అట్లని మూడు చీరలంటావా?"

నాకూ నిజం చెప్పాలంటే అలా వినడమే బాగుంది. ఒక పుస్తకం ఒక్కటే విన్నవాళ్లకు బోర్లాయన ఏడుస్తుంటే ఏడుపే ఉంటుంది. మాకు ఏడుపు అయిన వెంటనే నడవమని సలహా వచ్చేది. నేను పిండి కలుపుతూ డాక్టరు ఎప్పుడు వస్తాడా అని చూసేదాన్ని. మా ఆయనకు నేను చెప్పలేదు. తప్పు నాదే.

కండెలు చుట్టడానికి పక్కింటామె కూడా వచ్చి కూర్చునేది. ఆమెకు చక్కెర ఉంది. అత్త బోర్లాయన కోసం విని, నేను అందరి కోసం విని, ఆమె మాత్రం డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది. అన్నం తగ్గించి కొర్రలు వండుకుంది. తెల్లవారుజామున రైలు స్టేషను దాకా నడిచి వచ్చింది. రెండు నెలలకు ఆమెకు చక్కెర దిగింది. డాక్టరు మీద ఆమెకు భక్తి కుదిరింది. అత్తకు మాత్రం అనుమానం పట్టుకుంది.

"ఆ రాయి ఎత్తినోడు ఈ డాక్టరే," అంది ఒకరోజు.

పక్కింటామె రాట్నం ఆపేసింది. "పెద్దమ్మా, పాపం తగుల్తుంది. నాకు చక్కెర తగ్గించినాడు."

"నమ్మించేదానికి తగ్గించినాడు. రాయి పోయింది ఎన్నింటికి? తెల్లారి అయిదింటికి. అయిదింటికి లేసి నడవమని ఎవురు చెప్పినారు? ఈయప్పే. ఇంట్లోవాళ్లంతా నడిచేదానికి పోతే ఇల్లు ఖాళీ కాదా?"

"అది..."

"అందరికీ అన్నం మానమంటాడు. ఎందుకు? నీరసపడి పండుకుంటే లేసి చూసేవాళ్లు ఉండరు. ఇంట్లో పంచదార డబ్బా పెట్టుకోవద్దంటాడు. ఎందుకు? డబ్బాలన్నీ ఆయప్ప తెరిచి చూస్తాండాడు. ఇంగొకటి చెప్తా విను. ఆ కథలో ఎవురన్నా ఆయప్పను పేరు పెట్టి పిలిచినారా? ఆయప్ప వచ్చేది, మాట్లాడేది, పోయేది. ఒక్కరన్నా రా కూర్చో అన్నారా? వాళ్లకు కనపడకుండా తిరగతాండాడు."

కథలో రాయి కోసం తిరుగుతున్న ఇన్‌స్పెక్టరు పద్దెనిమిది భాగాల్లో పట్టలేని దొంగను మా అత్త రాట్నం ముందు కూర్చుని పట్టింది. పక్కింటామె లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ వచ్చింది, డాక్టరు ఏం చెప్పాడో తెలియాలి కదా.

ఆ వారమే అత్తను అనంతపురం కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడి డాక్టరు లైటు వేసి చూసి, బయటికి రమ్మని మా ఆయనతో చెప్పాడు. ఇంక ఆగితే ఈ కన్ను కూడా ఆ కన్ను దారే పడుతుంది, వచ్చే సోమవారం తీసుకురండి, ఆ దినం దాటితే నా చేతిలో ఏముంటుందో చెప్పలేను అన్నాడు. మా ఆయన బస్సు దిగేదాకా వేళ్ల మీద దినాలు లెక్కపెట్టుకున్నాడు. ఎడమకన్ను పోయినప్పుడు తానే వాయిదా వేశాడని ఆయనకు లోపల ఉంది. చీరల సీజను అని వేశాడు. ఈసారి సోమవారం అంటే సోమవారమే.

బుధవారం పొద్దున అత్త నింపాదిగా చెప్పింది, "నేను రాను."

"ఎందుకు రావు?" అన్నాడు మా ఆయన.

"కోసేది డాక్టరే కదా."

"మళ్ల ఎవురు కోస్తారుమా, కంసాలా?"

"ఆ రాయి సంగతి తేలనీ. అది తేలేదాకా ఏ డాక్టరు చేతిలోనూ నా కన్ను పెట్టను. ఉండేది ఒకటే."

మా ఆయనకు ఏ రాయో, ఏ సంగతో తెలియదు. నేను చెప్పాను. చెబుతుంటే ఆయన నా ముఖం చూశాడు, కంప్యూటరు చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు. తర్వాత తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, అవి మూడు పుస్తకాలు. కలిసిపోయినాయి. ఆ డాక్టరు చక్కెర జబ్బు పుస్తకంలో మనిషి. రాయి పోయింది ఇంకో పుస్తకంలో. ఈ పుస్తకంలో మనిషి ఆ పుస్తకంలోకి పోయి ఎట్ల దొంగతనం చేస్తాడు?"

"నీ అట్టలు కలిసిపోయినప్పుడు నెమలి మీద మామిడిపిందె ఎట్ల వచ్చింది?"

ఇదీ నేను చెబుతానన్న సంగతి. మా పెండ్లయిన కొత్తలో ఆయన రెండు డిజైన్ల అట్టలను కలిపి కుట్టేశాడు. నెమలికి మెడ దాకా నెమలి, మెడ పైన మామిడిపిందె. చీర సగం దాకా ఎవరూ చూసుకోలేదు. విప్పేద్దామంటే అత్త విప్పనివ్వలేదు. తప్పే అయినా చివరిదాకా ఒకే తప్పు నేస్తే అది డిజైనే అంది. కడప నుంచి వచ్చిన ఒకామె ఆ చీరే కావాలని తీసుకుంది. అటువంటిదే ఇంకొకటి కావాలని మనిషిని పంపింది. అప్పటి నుంచి అట్టల విషయంలో తల్లి ముందు ఆయన నోరు లేవదు.

"సరే," అన్నాడు చివరికి. "ఆదివారంలోపల కథ ముగిస్తాం. డాక్టరు దొంగ కాదని తేలితే వస్తావా?"

"తేలితే వస్తా. దొంగని తేలితే రాను."

అప్పటికి మేము ఇరవయ్యో భాగంలో ఉన్నాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వింటే ఆదివారానికి అయిపోతుంది. నేను ధైర్యంగానే ఉన్నాను. గురువారం పొద్దున కంప్యూటరు మళ్లీ కొత్తదనం చేసుకుంది.

ఈసారి తన తప్పు తాను దిద్దుకుంది. మూడు బొమ్మలూ తిరిగి వచ్చాయి. బోరు లారీ కింద బోర్ల భాగాలు, వజ్రం కింద వజ్రం భాగాలు, డాక్టరు కింద డాక్టరు భాగాలు. ఎవరి ఇల్లు వారిది. మా ఆయన ముఖం వెలిగింది.

"చూడు, ఎంత బాగా సర్దిందో," అని వజ్రం పుస్తకం నొక్కాడు. ఇరవై ఒకటి అయింది, ఇరవై రెండు మొదలయింది. అత్త చెయ్యి ఎత్తింది.

"బోర్లాయన యాడ?"

"ఆయప్ప వేరే పుస్తకంలో ఉండాడుమా."

"డాక్టరు యాడ?"

"ఆయప్ప కూడా."

"పారిపోయినాడు," అంది అత్త తృప్తిగా. "ఇన్‌స్పెక్టరు దగ్గరపడతానే పారిపోయినాడు. నేను చెప్పలేదా?"

మా ఆయన తాను చివరి భాగం విని వచ్చి, దొంగ ఎవరో చెప్పేస్తానన్నాడు. ఆమె వినలేదు. "నువ్వు సోమవారం బస్సు ఎక్కించేదానికి ఏమైనా చెప్తావు. అంచులు రెండూ కోసేసి నడుమ గుడ్డ తెచ్చి చీర అంటాండావు. ముందు ఎట్ల వచ్చిందో అట్లే రానీ, నేనే తెలుసుకుంటా."

ముందు వచ్చినట్టు రావాలంటే సర్దినదాన్ని చెడగొట్టాలి. మా ఆయన మధ్యాహ్నం దాకా కూర్చుని కొత్త జాబితా కట్టాడు. బోరు, వజ్రం, డాక్టరు, మళ్లీ బోరు. కట్టి లేచేసరికి కంప్యూటరు వాటిని తిరిగి ఎవరి ఇంటికి వారిని పంపించేసింది. రెండోసారి కట్టాడు. రెండోసారీ సర్దింది. పెండ్లివారింట్లో పిలవకుండా వచ్చి సామాన్లు సర్దే ముసలమ్మ లాగా ఉంది దాని వరస. మా ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నాతో కాదు. నువ్వు చేయి. చెడిపిందీ నువ్వే."

నేను దాన్ని నమ్ముకోవడం మానేశాను. ఒక్కో భాగాన్నీ చేత్తో నొక్కి పెడతాను, అయిపోగానే ఆపుతాను, ఇంకో బొమ్మలోకి పోయి తర్వాతిది నొక్కుతాను. వరుస తప్పకుండా ఉండడానికి మా ఆయన పాడైన అట్టలు కొన్ని తీసుకున్నాను. బోరు భాగానికి నిలువు గీత, వజ్రానికి చుక్క, డాక్టరుకు అన్నం కంచం గీసి, దారంతో దండ కుట్టి కిటికీ ఊచకు వేలాడదీశాను. ఒక భాగం అయితే ఒక అట్ట తిప్పడం. మగ్గం మీద జరిగేదే.

కుడుతుంటేనే ఒకటి కనబడింది. బోరు భాగాలు మొత్తం ఇరవై ఆరు, వజ్రానివి ఇరవై అయిదు, డాక్టరువి ఇరవై రెండే. అంటే దొంగ దొరికే ముందే డాక్టరు మాటలు అయిపోతాయి. ఆ తర్వాత ఆయన కనబడడు. మా అత్త ఏమంటుందో నాకు తెలుసు. నా చేతిలో సూది అలాగే ఆగింది.

అత్త స్నానానికి పోయినప్పుడు, చిన్నగా పెట్టి డాక్టరు చివరి భాగం విన్నాను. అయిదు నిమిషాలు విని ఆపి, ఇరవై రెండో కంచం అట్టను దండ మధ్యలోంచి విప్పి, అన్నిటికన్నా చివర కుట్టాను.

శుక్రవారం బాగానే గడిచింది. డాక్టరు ఇరవై ఒకటో భాగంలో పాదాలను ఎలా కాపాడుకోవాలో చెప్పాడు. శనివారం బోర్లాయన నాలుగో బోరుకు నీళ్లు పడే పాయింటు చూపించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వ్యాపారి ఇంట్లో అందరినీ వరసగా కూర్చోబెట్టాడు. డాక్టరు రాలేదు. ఇంకో చుట్టు తిరిగింది. డాక్టరు రాలేదు.

"రెండు సార్లు నాడెలు తిరిగినాయి," అంది అత్త. "ఆయప్ప నాడె పడలేదు."

"కండెలో పేక పోగు అయిపోయిందేమో అత్తా," అన్నాను. నోటికి వచ్చింది అన్నాను.

"అయిపోతే కండె మార్చరా?"

"ఊరికి పోయింటాడు."

"ఏ ఊరికి? ఎందుకు పోయినాడు? వరసగా కూర్చోబెట్టినప్పుడే ఎందుకు పోవల్ల?" పక్కింటామె వైపు తిరిగింది. "చూసినావా నీ దేవుణ్ణి?"

పక్కింటామె కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆయన అట్లాంటోడు కాదు పెద్దమ్మా. ఎవురికో బాగలేదని పోయింటాడు."

మా ఆయన గడప దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. రెండు రోజులుగా ఆయనకు పని లేదు, కంప్యూటరు నా చేతిలోనే ఉంది. నన్ను పక్కకు పిలిచి, "నువ్వేమన్నా ఎక్కువ చేసినావా?" అన్నాడు. ఒక అట్ట జరిపానని చెప్పాను. ఆయన కిటికీకున్న దండ వైపు చూసి, "పడితే బాగుండు," అన్నాడు. మగ్గం మీద కొత్త డిజైను ఎక్కించినప్పుడు మొదటి వరుస నేసేటప్పుడు అనే మాట అది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. ముందు వజ్రం చివరి భాగం పెట్టాను. ఇన్‌స్పెక్టరు వ్యాపారి పెండ్లాం వక్కాకు సంచి తెరిపించాడు. అందులో సున్నం డబ్బా. సున్నంలో రాయి. మొగుడు దాన్ని ఎక్కడ అమ్మేస్తాడో అని ఆమే దాచింది. చేనులో రాయి దొరికిన ఆమెకు తిరిగి ఇద్దామనుకుందట.

అత్త రాట్నం తిరగడం లేదు.

"దొంగ డాక్టరు కాదు కదా," అన్నాడు మా ఆయన మెల్లగా.

"కాడు సరే. మళ్ల ఆయప్ప ఏమయినాడు? ఏం తప్పు చేయనోడు ఎందుకు దాక్కోవల్ల?"

నేను బోర్లాయన చివరి భాగం పెట్టాను. నాలుగో బోరు దిగింది. దుమ్ము వచ్చింది. ఇంకా దుమ్ము వచ్చింది. లారీవాళ్లు పైపులు పైకి తీస్తామన్నారు. ఇంకొక్క పైపు అన్నాడు ఆయన. ఆ పైపుకు బురద వచ్చింది, బురద వెనక చిటికెన వేలంత ధార వచ్చింది. మా ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ పుస్తకం ఆయన మొదటి నుంచీ వినలేదు, వినకపోయినా మా జిల్లాలో బోరు నీళ్లంటే అంతే.

చివరి అట్ట తిప్పాను. అదే నిదానమైన గొంతు. మధుమేహం ఉన్నవారు ఏడాదికి ఒకసారి కళ్లు చూపించుకోవాలి అన్నాడు. పొర వచ్చినవారు ఆపరేషనుకు భయపడవద్దు అన్నాడు. చేసేవారు మీ కన్నును తమ కన్నులాగే చూసుకుంటారు, ఆలస్యం చేయడమే ప్రమాదం, ఆలస్యం చేసి కన్ను పోగొట్టుకున్న వారిని నేను చాలామందిని చూశాను అన్నాడు. అని, నమస్కారం చెప్పి ఆగిపోయాడు.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పాపం," అంది. "ఇన్ని దినాలు యాడికి పోయినాడో అనుకున్నా. ఎవురి కండ్లు చూసేదానికి పోయినాడో ఏమో." కొడుకు వైపు తిరిగి, "రేయ్, పొద్దున బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

సోమవారం ఆసుపత్రిలో బల్ల మీదికి ఎక్కే ముందు అక్కడి డాక్టరును ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నాయనా, అన్నం మానమంటావా?"

ఆయన ఎందుకడిగిందో తెలియక, "ఎందుకమ్మా, చక్కెర లేదు కదా నీకు. ఆపరేషను అయినాక బాగా తిను," అన్నాడు. అత్త నా వైపు తిరిగి, "ఈయప్ప వేరే," అని చెప్పి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కంటికి కట్టుతో బస్సులో నా భుజానికి ఆనుకుని కూర్చుంది. రాప్తాడు దాటాక చెవిలో అంది, "ఆ డాక్టరు ఆఖరి మాట నువ్వే జరిపి కుట్టినావు కదా."

నేను చేతిలోని టికెట్లు మడత పెట్టాను.

"పోయిన భాగంలో పాదాల గురించి చెప్పుకున్నాం అన్నాడు. పాదాలు చెప్పింది శుక్రవారం. నడుమ రెండు దినాలు మాయమైనోడు నిన్న చెప్పినట్టు ఎట్ల అంటాడు? తెగిన పోగు ముడేస్తే కంటికి కనపడకపోయినా వేలికి తగల్దా?"

"తెలిసి కూడా ఎందుకు వచ్చినావు అత్తా?"

"ముడి బాగానే పడింది. గట్టిగా ఉండాది." కొంగు సర్దుకుని, "వాడికి చెప్పొద్దు. మళ్ల సరిగ్గా సర్దుతాడు," అంది.

కట్టు విప్పిన తర్వాత, చుక్కల మందు వేయడం అయిపోయాక, ఒక పొద్దున తానే నడుచుకుంటూ వెనక గదిలోకి వచ్చింది. నా ముఖం చూసి, లావయినావు అంది. గోడ చూసి, సున్నం కొట్టించలేదు అంది. తర్వాత కంప్యూటరు ముందు నిలబడి మూడు బొమ్మలనూ వంగి చూసింది. బోరు లారీని చూసి తల ఊపింది. వజ్రాన్ని చూసి, చిక్కుడుగింజంత అన్నారు, అంత లేదే అంది. డాక్టరు బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఈయప్పేనా?"

"ఈయప్పే అత్తా."

ఆమె కన్ను చిన్నది చేసి ఇంకొంచెం దగ్గరికి వంగింది.

"ముఖం చూస్తే దొంగ మాదిరే ఉండాడు మే. కండ్లు లేని టైములో విన్నాను కాబట్టి సరిపోయింది. కండ్లు ఉండింటే, వీని మాట నమ్మి ఆపరేషనుకు పోయిండేదాన్నే కాదు."